మాట నమ్మిన ముఖ్యమంత్రి

1956 అక్టోబర్ 31 రాత్రి గడిచి తెల్లవారేసరికి హైదరాబాద్ రాష్ట్రం లేదు. మరాఠ్వాడా జిల్లాలు బొంబాయికి పోయాయి, కన్నడ జిల్లాలు మైసూరుకు పోయాయి, మన తెలంగాణ జిల్లాలు ఆంధ్రలో కలిశాయి. ఆ రాష్ట్రానికి ప్రజలు ఎన్నుకున్న ముఖ్యమంత్రి ఒకే ఒక్కడు, బూర్గుల రామకృష్ణారావు. మొదటివాడూ ఆయనే, చివరివాడూ ఆయనే. ఎన్నికల్లో ఓడిపోలేదు. శాసనసభలో అవిశ్వాసం నెగ్గి ఆయనను దించలేదు. నాలుగేళ్ల ఎనిమిది నెలలకు కొద్ది రోజులు తక్కువగా ఏలిన రాష్ట్రమే ఆయన కాళ్ల కింది నుంచి జరిగిపోయింది. జరిగిపోయేందుకు ఒప్పుకుంటూ పెట్టిన సంతకాల్లో ఆయనదీ ఒకటి.

మా బాన్సువాడ ఆ రోజుల్లో నిజామాబాద్ జిల్లాలో ఒక తాలూకా. మంజీరకు అడ్డంగా కట్టిన నిజాంసాగర్ నీళ్లు మా పొలాలకు పారేవి, మా చెరకు బోధన్ ఫ్యాక్టరీకి పోయేది, మా భూముల లెక్క ఉర్దూ పహాణీల్లో ఉండేది. ఆ పహాణీల్లో దున్నేవాడి పేరు చేరడానికి కారకుల్లో ఒకరు బూర్గుల. అందుకే ఆయన కథ మాకు దూరపు కథ అనిపించదు. ముగింపు ముందే తెలిసిన కథ ఇది. తెలిసి కూడా, ప్రతి మలుపు దగ్గరా మనసు ఆగిపోతుంది. ఇక్కడైనా ఆయన నిలబడి ఉంటే, ఇక్కడైనా ఒక మాట కాగితం మీదకు ఎక్కి ఉంటే అని.

ఆయన 1899 మార్చి 13న పాలమూరు జిల్లా కల్వకుర్తి తాలూకాలోని పడకల్ గ్రామంలో పుట్టారు. అసలు ఇంటిపేరు పుల్లంరాజు, ఊరి పేరు బూర్గుల. కాలక్రమంలో ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచింది. పూణేలో ఫెర్గూసన్ కళాశాల, బొంబాయిలో న్యాయశాస్త్రం, ఆ తరువాత హైదరాబాదులో వకాలతు. తెలుగు, ఉర్దూ, పారశీకం, సంస్కృతం, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు ఆయనకు చేతి కింది భాషలు. పారశీక సాహిత్య చరిత్రను తెలుగులో రాశారు. శంకరుల సౌందర్యలహరిని తెలుగు చేశారు. దర్బారు భాషలో దిట్ట అయిన మనిషి ఇంటి భాష కోసం తపించడం ఆనాటి హైదరాబాదులో చిన్న సంగతి కాదు.

ఆ తపనకు ఒక తేదీ ఉంది. 1921 నవంబర్ 12. హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో సంఘ సంస్కార మహాసభ జరుగుతోంది. ఉర్దూ, మరాఠీ ప్రసంగాలను సభ శ్రద్ధగా విన్నది. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి కూర్చోబెట్టింది. ఆ రాత్రి టేకుమాల రంగారావు ఇంట్లో కూడిన కొద్దిమంది తెలుగువాళ్లు ఆంధ్ర జన సంఘాన్ని పుట్టించారు. ఆ కొద్దిమందిలో మాడపాటి హనుమంతరావు ఉన్నారు, మందుముల నరసింగరావు ఉన్నారు, ఇరవై రెండేళ్ల బూర్గుల ఉన్నారు. సొంత గడ్డ మీద సొంత భాషకు జరిగిన అవమానం ఆ యువకుడి జీవితానికి దారి చూపింది. ముప్పై అయిదేళ్ల తరువాత తెలుగువాళ్లంతా ఒకటి కావాలన్న పిలుపు వచ్చినప్పుడు ఆయన గట్టిగా వద్దనలేకపోవడానికి కూడా ఆ రాత్రే మూలమేమో అని నాకు అనిపిస్తుంది. ఏ ప్రేమ ఆయనను నాయకుణ్ణి చేసిందో ఆ ప్రేమే ఆయన చేతులు కట్టేసింది.

నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు నోళ్లను కుట్టేసింది. ఆ కుట్ల సందుల్లోంచే గ్రంథాలయాలు పుట్టాయి, పత్రికలు పుట్టాయి, ఆంధ్ర మహాసభలు జరిగాయి. 1930లో జోగిపేటలో మొదటి సభ, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షులు. మరుసటి ఏడు దేవరకొండలో రెండో సభ, బూర్గుల అధ్యక్షులు. 1937లో ఆరో సభ మా నిజామాబాదులోనే జరిగింది. రాజ్యాన్ని కూలుస్తామన్న కేకలు ఆ సభల్లో లేవు. బడులు కావాలి, వెట్టి పోవాలి, తెలుగుకు చోటు కావాలి అని అడిగారు, అంతే. ఆ అడగడంలోనే ఒక యుగం కదిలింది. బూర్గుల మనస్తత్వం కూడా అదే. ఎదుటివాడికి నచ్చజెప్పి సాధించాలనుకునే వకీలు. మాటకు విలువ ఉంటుందని, పెద్దమనుషులు ఇచ్చిన మాట తప్పరని నమ్మే తరం మనిషి. ఈ నమ్మకాన్ని గుర్తుంచుకోండి.

1938లో స్టేట్ కాంగ్రెసు పుట్టకముందే నిషేధానికి గురైంది. క్విట్ ఇండియా రోజుల్లో ఆయన జైలుకు వెళ్లారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది, నిజాం లొంగిపోయాడు. మేజర్ జనరల్ చౌధురి సైనిక పాలన, ఆపైన 1950 నుంచి వెల్లోడి ప్రభుత్వం. ఆ ప్రభుత్వంలోకి కాంగ్రెసు మంత్రులను తీసుకున్నప్పుడు రెవెన్యూ బూర్గులకు వచ్చింది. 1952 ఎన్నికల్లో హైదరాబాద్ శాసనసభ 175 స్థానాల్లో కాంగ్రెసు 93 గెలిచింది. తెలంగాణలో కమ్యూనిస్టులు పీడీఎఫ్ పేరుతో గట్టి బలగంగా వచ్చారు. పార్టీలో స్వామి రామానంద తీర్థ వర్గం ఒకటి, బూర్గుల వర్గం ఒకటి. పదవి బూర్గులను వరించింది. 1952 మార్చి 6న ఆయన ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. రాజప్రముఖ్‌ స్థానంలో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఉన్నారు. నోళ్లు కుట్టిన ఏలిక ఎదుట, నోరు విప్పమని ఊరూరా తిరిగిన మనిషి ప్రభుత్వాధినేతగా నిలబడ్డాడు. ఎన్ని సభల శ్రమ, ఎన్ని జైళ్ల ఫలం ఆ ఒక్క ఉదయం! ఆ రోజును తలచుకుంటే గొంతు పూడుకుపోతుంది, ఎందుకంటే అక్కడి నుంచి దారి దిగువకే.

ఆరు నెలలు తిరగలేదు. పోలీసు చర్య తరువాత మద్రాసు రాష్ట్రం నుంచి ఉద్యోగులు వచ్చి పడ్డారు. 1919 నాటి ఫర్మానా ప్రకారం ఇక్కడి కొలువులు ముల్కీలవి, పదిహేనేళ్లు ఇక్కడ నివసించినవారివి. దొంగ ముల్కీ సర్టిఫికెట్లు పుట్టుకొచ్చాయి. వరంగల్‌లో ఉపాధ్యాయ నియామకాలతో నిప్పు రాజుకుంది. నాన్ ముల్కీ గోబ్యాక్ అని పిల్లలు బడులు విడిచి రోడ్ల మీదకు వచ్చారు. 1952 సెప్టెంబరు 3, 4 తేదీల్లో హైదరాబాదు సిటీ కాలేజీ దగ్గర, పాతబస్తీలో పోలీసులు కాల్పులు జరిపారు. పిల్లలు చనిపోయారు.

ఆ నెత్తుటికి ముఖ్యమంత్రిగా బూర్గులే జవాబుదారీ. న్యాయమూర్తి పింగళి జగన్మోహన్‌రెడ్డి చేత విచారణ జరిపించారు. కానీ ఆ పిల్లలు అడిగిన దాంట్లో న్యాయం ఉందని ఆయనకు తెలుసు. ఆయన సొంత జీవితమంతా అదే అడిగింది, మా గడ్డ మీద మాకు చోటేదీ అని. ఆ రెండు రోజుల తరువాత వెంటనే ముల్కీ హక్కుకు పటిష్ఠమైన చట్టం చేసి, దొంగ సర్టిఫికెట్లను ఏరేసి ఉంటే, ఆ తరువాతి తరాల చరిత్ర ఎంత మారేదో! నాలుగేళ్లకు ఢిల్లీలో బేరానికి కూర్చున్నప్పుడు ఆయన చేతిలో ఊరక కోరిక బదులు అమలులో ఉన్న బలమైన శాసనం ఉండేది. ఆ అవకాశం జారిపోయింది.

భూమి విషయంలో మాత్రం ఆయన పేరు నిలిచే పని జరిగింది. 1950 కౌలుదారీ చట్టం హైదరాబాద్ రాష్ట్రంలో రక్షిత కౌలుదారు అనే హక్కును సృష్టించింది. రెవెన్యూ మంత్రిగా దాని అమలుకు పూనుకున్నది ఆయన. ముఖ్యమంత్రిగా 1954లో దానికి సవరణలు తెచ్చి, దున్నుతున్న భూమికి కౌలుదారే పట్టాదారు అయ్యే దారి వేసిందీ ఆయన ప్రభుత్వమే. 38-ఇ సర్టిఫికెట్ అంటే ఇప్పటికీ తెలంగాణ పల్లెల్లో పాత రైతులకు చప్పున తెలుస్తుంది. రైతుల సాయుధ పోరాటం ఆగి ఎంతో కాలం గడవని నేల అది. తుపాకీ అడిగిన దాన్ని చట్టంతో ఇవ్వాలని ఆయన ప్రయత్నించారు.

ఇచ్చింది చేతికి చేరిందా? అప్పట్లో ఈ భూసంస్కరణలను పరిశీలించిన ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో తేల్చినదాన్ని చదివితే గుండె కలుక్కుమంటుంది. రక్షిత కౌలుదారులుగా నమోదైనవారిలో మూడు నాలుగేళ్లకే సగానికి తక్కువ మంది ఆ హక్కుతో మిగిలారు. కొంతమంది భూమి కొనుక్కుని సొంతదారులయ్యారు. ఎంతోమందిని చట్టానికి విరుద్ధంగా వెళ్లగొట్టారు, మరెంతోమంది ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నామని కాగితం మీద వేలిముద్ర వేశారు. దొర గడీ ముందు నిలబడ్డ కౌలుదారుడి ఇష్టం ఎంతటిదో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చట్టం హైదరాబాదులో మేలుకొని ఉంది, ఊళ్లో నిద్రపోయింది. మంత్రిమండలి సమావేశాల్లో మంచి మాట గెలిస్తే చాలు, మిగతాది సర్కారు యంత్రం చూసుకుంటుందని నమ్మడం బూర్గుల వారి పెద్ద బలహీనత. కౌలుదారు విషయంలో జరిగిందే కొద్ది రోజుల్లో ఆయన రాష్ట్రానికీ జరగబోతోంది.

1953 డిసెంబరులో కేంద్రం రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘాన్ని వేసింది. ఫజల్ అలీ అధ్యక్షులు, హృదయనాథ్ కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్ సభ్యులు. 1955 సెప్టెంబరు 30న వాళ్లు ఇచ్చిన నివేదికను తెలంగాణ ఎప్పటికీ మరువకూడదు. తెలంగాణను హైదరాబాద్ రాష్ట్రంగా ప్రస్తుతానికి విడిగానే ఉంచాలని వాళ్లు రాశారు. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తరువాత ఆ రాష్ట్ర శాసనసభలో మూడింట రెండు వంతుల మంది కోరితే అప్పుడు ఆంధ్రతో కలపాలన్నారు. అంటే బూర్గుల చేతికి అయిదారేళ్ల గడువు దొరికింది. బడులు పెంచుకోవడానికి, ఇక్కడి పిల్లలు కొలువులకు తయారు కావడానికి, కలిస్తే సమానంగా కలవడానికి గడువు. అంతకన్నా మించిన వరం ఏ ముఖ్యమంత్రికి దక్కుతుంది?

ఆ వరాన్ని రెండు నెలలు కూడా నిలవనివ్వలేదు. తెలుగువాళ్లందరికీ ఒకే రాష్ట్రం, విశాలాంధ్ర కావాలని అటు కోస్తా నాయకులు, ఇటు కమ్యూనిస్టులు పట్టుబట్టారు. నవంబరు, డిసెంబరుల్లో హైదరాబాద్ శాసనసభ నివేదిక మీద చర్చించింది. 147 మంది అభిప్రాయం చెబితే 103 మంది విలీనానికి అనుకూలమన్నారు, 29 మంది వద్దన్నారు. ఆ 103 మందిలో మరాఠీ, కన్నడ సభ్యులు కూడా ఉన్నారు, వాళ్లు ఎలాగూ వేరే రాష్ట్రాలకు పోయేవాళ్లు. తెలంగాణ సభ్యులు 94 మందిలో విలీనం కావాలన్నవారు 59 మంది, వద్దన్నవారు 25 మంది. కమిషన్ చెప్పిన మూడింట రెండు వంతుల కొలతను ఈ 94కు పట్టి చూస్తే 63 మంది కావాలి. నాలుగు తలలు తక్కువ. ఆ కొలత 1961 తరువాతి సభ కోసం చెప్పినదే అయినా, ఆనాటి సభే దాన్ని అందుకోలేదన్న సంగతిని మన చరిత్ర పుస్తకాలు ఒత్తి చెప్పవు. తీర్మానంలో ప్రజల అభీష్టం ప్రకారం అన్న మాట చేర్చాలని తెలంగాణవాదులు పట్టుబట్టడంతో అసలు ఓటింగే జరగలేదు. ప్రజల అభీష్టం అన్న మాటకే అంత భయం ఎందుకు కలిగిందో!

బూర్గులకు ప్రజల అభీష్టం ఏమిటో తెలుసు. తెలంగాణలో ఎక్కువమంది విలీనానికి వ్యతిరేకమని కాంగ్రెసు అధ్యక్షుడు యు.ఎన్. ధేబర్‌కు ఆయన స్వయంగా లేఖ రాశారు. చదువుల్లో, ఉద్యోగాల్లో ముందున్నవాళ్లు వచ్చి తమను మింగేస్తారన్న భయం తన జనానిదని ఎరిగి రాశారు. ఇంత స్పష్టంగా తెలిసిన మనిషి ఆ ఉత్తరం మీదే నిలబడి ఉంటే! రాజీనామా చేస్తానని ఒక్కసారి అని ఉంటే! ఆయన అనలేదు. కాంగ్రెసు అధిష్ఠానం మనసు విలీనం వైపు తిరిగింది. జీవితమంతా ఆ సంస్థ క్రమశిక్షణలో గడిపిన మనిషి దాని మాట జవదాటలేదు. ఆయనను పిరికివాడని అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. నిజాం జైలుకు పోయినవాడు పిరికివాడు కాడు. తనవాళ్లు అనుకున్నవాళ్లతో కొట్లాడటం ఆయనకు చేతకాలేదు, అంతవరకే నిజం.

1956 ఫిబ్రవరి 20. ఢిల్లీలో హైదరాబాద్ హౌస్. అటు బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. ఇటు బూర్గుల, కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నరసింగరావు. ఒకప్పుడు నిజాం ఢిల్లీలో కట్టించుకున్న ఆ భవనంలోనే నిజాం రాజ్యపు చివరి ఆనవాలుకు గడువు తేలింది. అక్కడ కుదిరిన దానికి పెద్దమనుషుల ఒప్పందం అని పేరు వచ్చింది. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణలోనే ఖర్చు పెట్టాలి. ఉద్యోగాలకు పన్నెండేళ్ల నివాసం ఉండాలి. తెలంగాణ కోసం ప్రాంతీయ మండలి ఉండాలి. మంత్రుల్లో నూటికి నలభై మంది ఇక్కడివాళ్లు కావాలి. ముఖ్యమంత్రి అటువాడైతే ఉప ముఖ్యమంత్రి ఇటువాడు, ఇటువాడైతే అటువాడు. కొత్త రాష్ట్రం పేరు దగ్గర మాత్రం పొత్తు కుదరలేదు. ఆంధ్ర-తెలంగాణ అని ఉండాలని ఇటువాళ్లు కోరారు. ఆ పేరూ చివరికి నిలవలేదు.

ఇంకో దేశం సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. 1788లో అమెరికాలో వర్జీనియా రాష్ట్రం కొత్త రాజ్యాంగాన్ని ఒప్పుకోవాలా వద్దా అని రిచ్‌మండ్‌లో సభ పెట్టుకుంది. వర్జీనియా మొదటి గవర్నరు పాట్రిక్ హెన్రీ రోజుల తరబడి లేచి నిలబడి ఒకటే అడిగాడు. మా హక్కులు ఏ అక్షరంలో ఉన్నాయో చూపించండి, రాసివ్వండి, తరువాత కలుస్తాం అన్నది ఆయన వాదం సారం. 89 ఓట్లు కలవడానికి, 79 వద్దనడానికి పడ్డాయి, హెన్రీ ఓడిపోయాడు. కానీ అలాంటివాళ్ల మొండిపట్టు వల్లే మూడేళ్లకు, 1791లో, పది హక్కుల సవరణలు రాజ్యాంగంలోకి ఎక్కాయి. ఓడినవాడు కోరినది శాసనమైంది. మన బూర్గుల ఓడిపోలేదు, ఒప్పించబడ్డాడు. ఆయన కోరినవి శాసనం కాలేదు. మా పెద్దమనిషి పారశీకం అంత బాగా చదివారు, న్యాయశాస్త్రం అంత లోతుగా ఎరుగుదురు. సంతకం ఉన్న కాగితానికీ, కోర్టులో నిలిచే చట్టానికీ ఉన్న తేడా వకీలుగా తన కక్షిదారుకు వెయ్యిసార్లు చెప్పి ఉంటారు. సొంత రాష్ట్రం కక్షిదారుగా వచ్చిన రోజున ఆ మాట ఎందుకు గుర్తు రాలేదో అని తలచుకుంటే కన్నీళ్లు ఆగవు.

ఒప్పందం మీద సిరా ఆరి రెండు వారాలు. 1956 మార్చి 5న ప్రధాని నెహ్రూ మా జిల్లాకే వచ్చారు. నిజామాబాదు బహిరంగ సభలో విలీనం నిర్ణయాన్ని చెప్పారు. ఇష్టం లేకపోతే విడిపోవచ్చన్న భావంతో పెళ్లి, విడాకుల పోలిక తెచ్చారని తెలంగాణలో తరతరాలుగా చెప్పుకుంటారు. మంజీర పక్కన, నిజాంసాగర్ కాల్వల కింద బతికే జనానికి తమ రాష్ట్రం పోతున్నదన్న సంగతి అలా చెవిన పడింది. మా పెద్దల తరం ఆ సభను పెళ్లికూతురు అప్పగింతలాగే తలచుకునేది. ఎవరి ఇంటికి పంపుతున్నారో, అక్కడ ఎవరు ఎలా చూస్తారో తెలియదు. నాన్న మాత్రం, వాళ్లు మంచివాళ్లేనమ్మా అంటాడు.

అంతా ఒకటొకటిగా సడలడం ఆ వేసవి నుంచే మొదలైంది. ఆగస్టు 10న కేంద్రం రక్షణల మీద ఒక నోటును లోక్‌సభ ముందు పెట్టింది. ఉప ముఖ్యమంత్రి అంశం అందులో లేదు. విస్తృత అధికారాలతో ఉండాల్సిన ప్రాంతీయ మండలి శాసనసభ్యుల సంఘంగా కుదించుకుపోయింది. బూర్గుల అప్పటికి ఇంకా ముఖ్యమంత్రే. చేతిలో ఇంకా రెండున్నర నెలలు పైన ఉన్నాయి. ఆ ఆగస్టులో ఢిల్లీకి పరుగున వెళ్లి, మేం సంతకం చేసిన కాగితం ఇది కాదు అని అడగడానికి చివరి అవకాశం అది. ఆ రెండున్నర నెలలు మౌనంగా జరిగిపోయాయి.

నవంబర్ 1న హైదరాబాదులో నెహ్రూ ఆంధ్రప్రదేశ్‌ను ప్రారంభించారు. నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. తొలి మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రి లేరు. ఎనిమిది నెలల నాటి సంతకాల్లో ఒక దాని సిరా అప్పుడే వెలిసిపోయింది. అడగాల్సిన పెద్దమనుషుల్లో అందరికంటే పెద్ద పదవి చేసినవాడు ఆ నవంబరు 22న కేరళకు గవర్నరుగా వెళ్లిపోయారు. ఈ ఘట్టమే నాకు అన్నిటికన్నా బాధాకరం. పదవి పోవడం పెద్ద నష్టం కాదు. కానీ ఆయన ఇక్కడ ఉండి ఉంటే! మామూలు శాసనసభ్యుడిగానైనా, ఖాళీ చేతుల వకీలుగానైనా హైదరాబాదులో ఉండి ఉంటే, ప్రతి ఉల్లంఘన ముందూ నిలబడి, నేను సాక్షిని అనేవాడొకడు ఉండేవాడు. సాక్షిని గౌరవంగా దూరదేశం పంపించారు. ఆయనా వెళ్లారు.

తిరువనంతపురంలో ఆయనకు ఎదురైన పరీక్ష మరీ కఠినం. 1957 ఏప్రిల్ 5న ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ నాయకత్వంలో కమ్యూనిస్టు ప్రభుత్వానికి ప్రమాణం చేయించింది ఆయనే. రెండేళ్లకు ఆ ప్రభుత్వానికి వ్యతిరేకంగా విమోచన సమరం పేరుతో కేరళ వీధులు భగ్గుమన్నాయి. గవర్నరు నివేదిక ఢిల్లీ వెళ్లింది. 1959 జూలై 31న రాష్ట్రపతి పాలన వచ్చింది. ఢిల్లీ నిర్ణయంతో తన ప్రభుత్వాన్ని, తన రాష్ట్రాన్ని పోగొట్టుకున్న మనిషి చేతి మీదుగానే మరో రాష్ట్రపు ఎన్నికైన ప్రభుత్వం కూలింది. రాజ్యాంగం ప్రకారం అది ఆయన విధి కావచ్చు. విధి మనిషిని ఎంత నిర్దయగా వాడుకుంటుందో చూడండి.

అక్కడి నుంచి ఉత్తరప్రదేశ్ రాజ్‌భవన్, 1962 నుంచి రాజ్యసభ. చిన్నవాళ్లు, ఒకప్పుడు తన మంత్రివర్గంలో పనిచేసినవాళ్లు పైకి వస్తున్నారు. ఆయన 1967 సెప్టెంబరులో, అరవై ఎనిమిదేళ్ల వయసులో కన్ను మూశారు.

ఆయన పోయిన పదహారు నెలలకే తెలంగాణ మండిపోయింది. 1969లో విద్యార్థులు అడిగినవి ఆయన సంతకం చేసిన కాగితంలోవే: మిగులు నిధులు ఏవి, మా ఉద్యోగాలు ఏవి అని. మూడు వందలకు పైగా యువకులు ప్రాణాలిచ్చారని తెలంగాణ చెప్పుకుంటుంది. ఆ ఉద్యమానికి నాయకుడైన మర్రి చెన్నారెడ్డి కూడా హైదరాబాద్ హౌస్‌లో సంతకం చేసినవాడే. 1972లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పిస్తే అటు కోస్తా లేచింది. 1973 జనవరిలో ముఖ్యమంత్రి పదవి పోగొట్టుకున్నది ఎవరు? పి.వి. నరసింహారావు, బూర్గుల వకాలతు గదిలో ఒకనాటి జూనియరు. గురువు పాలనను 1952లో నెత్తురుతో తడిపిన ముల్కీ, శిష్యుడి కుర్చీని ఇరవై ఏళ్ల తరువాత లాగేసింది.

రామకృష్ణారావు గారి మీద తెలంగాణకు కోపం ఉంది. ఆ కోపంలో న్యాయం లేదని అనను. రాష్ట్రాన్ని అప్పగించేటప్పుడు అప్పగింత పత్రం సరిగా రాయించుకోలేదు. కానీ 1921లో తెలుగు మాట్లాడితే నవ్విన హైదరాబాదులో తెలుగుకు గొడుగు పట్టినవాడు, ఉర్దూ పహాణీలో దున్నేవాడి పేరు చేర్చడానికి పూనుకున్నవాడు, పదవిని పట్టుకుని వేలాడనివాడు మనకు ఎంతమంది ఉన్నారు? ఆయన మీద కోపం తెచ్చుకునే ముందు ఆయనను చదవాలి. మన గ్రంథాలయాల్లో వెతికితే ఆయన పుస్తకాలు దొరకడం కష్టం. బడి పిల్లలకు ఆయన పేరు పరీక్షలో ఒక మార్కు ప్రశ్న. ఈ రెండూ మారాలి. ధేబర్‌కు రాసిన ఆ లేఖను తెలుగులో అచ్చు వేసి ప్రతి ఉన్నత పాఠశాలకూ చేర్చాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

2014 జూన్ 2న తెలంగాణ మళ్లీ రాష్ట్రమైంది. పాత సచివాలయాన్ని ఖాళీ చేసిన 2019 నుంచి కొత్త భవనం తెరుచుకున్న 2023 ఏప్రిల్ 30 దాకా ఆ రాష్ట్ర పాలన హైదరాబాదులోని బూర్గుల రామకృష్ణారావు భవన్ నుంచే సాగింది.